సముద్రం అక్కర్లేని రొయ్య

అనంతపురం పేరెత్తితే కరువు, వేరుశనగ, ఎండిన పెన్న గుర్తొస్తాయి గాని రొయ్య గుర్తుకు రాదు. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే వానతో బతికే మెట్టసీమ ఇది. అయితే ఇక్కడ వాన తక్కువే తప్ప నీటిని నిలుపుకునే నేర్పు తక్కువ కాదు. 1364లో బుక్కరాయల మంత్రి చిక్కప్ప ఒడెయరు పండమేరుకు అడ్డంగా కట్టించిన బుక్కరాయసముద్రం చెరువు నేటికీ ఉంది. సింగనమల, ధర్మవరం చెరువులున్నాయి. తుంగభద్ర ఎగువ కాలువ నీరు చేరే మిడ్ పెన్నార్, పెన్న అహోబిలం జలాశయాలున్నాయి. పొలాల్లో తవ్విన ఫారంపాండ్లు వేలల్లో ఉన్నాయి. ఇన్ని నీళ్లున్న చోట ఇంటి అవసరానికి రొయ్యల్ని పట్టుకోవడం, పెంచుకోవడం సాధ్యమే. కాకపోతే ఏ రొయ్య పెద్దదవుతుంది అని కాక, ఏ రొయ్య ఈ నీటిలోనే పిల్లల్ని పెట్టగలదు అని ముందు అడగాలి. కరువు సీమలో ఈ ప్రశ్నే మిగతా లెక్కలన్నిటినీ తేలుస్తుంది.

మంచినీటి రొయ్య అనగానే అందరూ చెప్పేది నీలకంఠ రొయ్య, వ్యాపారంలో స్కాంపి. పెరిగేది మంచినీటిలోనే అయినా దాని పసితనం ఉప్పుటేటిలో గడుస్తుంది. గుడ్డులోంచి వచ్చిన లార్వా నీటిలో ఉప్పు లేకపోతే కొద్ది రోజుల్లోనే చచ్చిపోతుందని 1960ల మొదట్లో మలయాలోని పెనాంగ్‌లో షావో-వెన్ లింగ్ కనిపెట్టాకే దాని హేచరీలు సాధ్యమయ్యాయి. లీటరు నీటిలో సుమారు 12 గ్రాముల ఉప్పు ఉండాలి, పదకొండు దశలు దాటాలి, అప్పుడుగాని అది మంచినీటికి తిరిగి రాదు. సముద్ర మట్టానికి మూడు వందల మీటర్లకు పైన, మధ్యలో సోమశిల వంటి ఆనకట్టలు అడ్డం నిలిచిన పెన్న ఎగువ భాగానికి ఆ పిల్ల ఈదుకుంటూ రాలేదు. అంటే ఇక్కడ స్కాంపి పెంచే ఇల్లు ప్రతి ఏటా కోస్తా హేచరీ నుంచి పిల్లను కొనాల్సిందే. మాక్రోబ్రాకియం లమారీ వంటి చిన్న రొయ్యలకు ఈ బెడద లేదు. రెండంగుళాలకు కాస్త మించి ఎదగవు, కానీ గుడ్డు నుంచి కూర దాకా వాటి బతుకంతా మంచినీటిలోనే.

పట్టే పద్ధతులు కూడా ఈ చిన్నప్రాణి నడకను గమనించి పుట్టినవే. పగలు నాచులో, రాళ్ల సందుల్లో నక్కి ఉండే రొయ్య పొద్దు వాలాక మేతకోసం గట్టువార లోతు తక్కువ నీటికి వస్తుంది. టార్చి వేస్తే దాని కళ్లు నిప్పుకణాల్లా మెరుస్తాయి. బెదిరినప్పుడు అది ముందుకు పోదు, తోక ముడిచి ఒక్క ఉదుటున వెనక్కి దూకుతుంది. అందుకే చేతివలను దాని వెనక పెట్టి, ముందువైపు నుంచి పుల్లతో కదిలిస్తే తనంతట తానే వలలో పడుతుంది. విసురువల దీనికి పనికిరాదు, కళ్లు పెద్దవై జారిపోతుంది. సన్నకళ్ల బట్టవల కావాలి. అన్నిటికన్నా తేలికైనది కంపమోపు. ఈతమట్టలో తుమ్మకొమ్మలో కట్టగట్టి, రాయి కట్టి, నడుంలోతు నీటిలో రెండు మూడు రాత్రులు వదిలేస్తే రొయ్యలు దాన్ని ఇల్లు చేసుకుంటాయి. తెల్లవారుజామున కింద జల్లెడో దోమతెరో పట్టి, మోపును మెల్లగా పైకెత్తి దులిపితే చాలు. ఎరగా గుప్పెడు వేరుశనగ చెక్క, తవుడు కలిపి ముద్దగా చేసి మధ్యలో పెడతారు. కానుగ కొమ్మలు మాత్రం వాడకూడదు, కానుగలో చేపల్ని చంపే గుణం ఉంది. పొట్టకింద గుడ్లు మోస్తున్న ఆడవాటిని ఏరి తిరిగి నీటిలో వేయడం ఈ విద్యలో అన్నిటికన్నా విలువైన భాగం. ఒక్కో ఆడది నీటికి తిరిగి చేరితే వచ్చే నెలల్లో చెరువుకు విత్తనం ఉచితంగా దొరుకుతుంది.

ఇంట్లో పెంచడం దీనికి కొనసాగింపే. జిగట లేని ఎర్రనేలలో నీరు ఇంకిపోతుంది కాబట్టి కుంట అడుగున చెరువు పూడికమట్టి పరిచి తొక్కించడం మొదటి పని. రొయ్య పెరగాలంటే పెంకు విడవాలి. విడిచిన పూట మెత్తగా ఉంటుంది, పక్క రొయ్యలే తినేస్తాయి. అందుకని పగిలిన పెంకులు, పైపు ముక్కలు, కంప వేసి దాక్కునే చోట్లు ఎన్ని కల్పిస్తే అంత పంట. కొరమీను, తిలాపియా లేకుండా చూసుకోవాలి. కట్లా (బొచ్చె) వంటి పైనీటి చేపలు ఉంటే నష్టం లేదు. నాచు మితిమీరితే పగలు నీటి క్షారత్వం పెరిగి, తెల్లవారుజామున ఆక్సిజన్ తగ్గి రొయ్యలు గట్టుకు ఎక్కుతాయి. ఈ సీమలో అన్నిటికన్నా పెద్ద గండం పురుగుమందులు. రొయ్య కూడా పురుగుల బంధువే గనుక పురుగుల్ని చంపే పైరిత్రాయిడ్ మందు చుక్క చేరినా అది తట్టుకోదు. వేరుశనగ, టమాట చేల నుంచి పారే తొలకరి నీటిని నేరుగా కుంటలోకి రానివ్వకుండా పక్కకు మళ్లించని రైతు రొయ్య పెంచకపోవడమే మేలు.

ఇంత శ్రమ చిన్న రొయ్యకేనా, అమ్మితే ఏమొస్తుందని అభ్యంతరం వస్తుంది. న్యాయమైన ప్రశ్నే. స్కాంపి ఐదారు నెలల్లో 50 గ్రాములకు రాగలదు, మార్కెట్టు ధర దానిదే. కానీ దాని చరిత్ర కూడా లెక్కలోకి రావాలి. నెల్లూరు కేంద్రంగా పెరిగిన స్కాంపి సాగు 2005-06లో దేశవ్యాప్తంగా 40 వేల టన్నులు దాటి, ఆ తరవాత కుప్పకూలింది. తోక తెల్లబడే వైరస్ జబ్బు, విత్తనం బలహీనపడటం, ఆపైన వనామీ అనే మరో రొయ్య రాక అందుకు కారణాలు. హేచరీ పక్కనే ఉన్న కోస్తా రైతే తట్టుకోలేకపోయిన దెబ్బ, వందల కిలోమీటర్ల అవతల పిల్ల కొనే ఇంటికి ఎలా ఉంటుంది? 28 నుంచి 31 డిగ్రీల నీరు కోరే ఆ జీవికి మన వేసవి లోతులేని కుంట సరిపడదు. ఖనిజాలు హెచ్చిన బోరునీటిలో దాని పెరుగుదల మందగిస్తుంది. కాలువనీరు ఆరేడు నెలలు ఖాయంగా అందే పెద్దకుంట ఉన్నవారు జులైలో పిల్ల వదిలి చలి ముదరక ముందు పట్టుకుంటే అదొక పంట. ఇంటి సంగటిలోకి పులుసు మాత్రం చిన్నరొయ్యతోనే ఖాయం. పెంకుతో సహా తినేదాంట్లో సున్నం దండిగా ఉంటుంది. ఉప్పుపట్టించి ఎండబెడితే నెలల తరబడి గోంగూరకు తోడవుతుంది.

క్రేఫిష్ తెచ్చి పెంచుదామనే ఆలోచన మాత్రం ఒప్పుకోలేనిది. భారతదేశంలో క్రేఫిష్ జాతి సహజంగా ఒక్కటీ లేదు. అక్వేరియం దుకాణాల్లో దొరికేవన్నీ పరాయివే. ఎండను, మురికిని ఓర్చుకుంటుందనే మాట నిజం, ప్రమాదం కూడా అందులోనే ఉంది. లూసియానా ఎర్ర క్రేఫిష్ నీరు తగ్గితే గట్టులో బొరియ తవ్వుకుని కూర్చుంటుంది, తడి రాత్రి నేలమీద నడిచి పక్క నీటికి చేరుతుంది. 1970లో కెన్యాలోని నైవాషా సరస్సులో దాన్ని వదిలితే నీటిమొక్కలు తుడిచిపెట్టుకుపోయాయి. ఆరున్నర శతాబ్దాలుగా మట్టికట్ట మీద నిలబడిన చెరువుల సీమకు కట్టను తొలిచే జంతువును తేవడం తెలిసి చేసే చెరుపు. తరవాత నిషేధిస్తే సరిపోదు: ఇలాగే బయటి నుంచి వచ్చిన ఆఫ్రికన్ క్యాట్‌ఫిష్ విషయంలో 2000లో నిషేధం వచ్చేసరికే అది చెరువుల్లో పాతుకుపోయింది.

చివరిది, అన్నిటికన్నా బలమైన అభ్యంతరం: చెరువే ఎండిపోతే రొయ్య ఎక్కడిది? దీనికి జవాబు తవ్వకంలో ఉంది. కుంట మధ్యలో మిగతా అడుగుకన్నా మనిషిలోతు ఎక్కువగా ఒక గుంత తవ్వి, పైన ఈతమట్టలు కప్పి నీడ చేస్తే మే నెలలో మిగిలే కాసిన్ని నీళ్లలో తల్లిరొయ్యలు బతుకుతాయి. తొలకరికి ఆ గుంత నిండి పొర్లితే విత్తనం కుంటంతా పరుచుకుంటుంది. పెద్ద చెరువుల్లోనూ ఇదే చేయవచ్చు. చేపల వేలం ఒప్పందంలో తూము దగ్గరి మడుగులో వేసవి మూడు నెలలూ వల వేయరాదని ఒక షరతు రాయించుకోవాలి. పంచాయతీకి దీనివల్ల పైసా ఖర్చు లేదు, పాటదారుడికి పోయేది కొన్ని బుట్టల చేప.