స్వీయగేయమును వినదగిన సభ

తన మాటను తానే కూర్చి, తానే స్వరపఱచి, తన కంఠముతోనే సభలో పాడువానిని మన పెద్దలు వాగ్గేయకారుడనిరి. గిటారు చేతబట్టి, ఒంటరిగా నిలిచి, తన యంతరంగమును పాడుకొను నేటి యువకుని జూచి, యిది పడమటి దేశముల వింతయని కొందఱు త్రోసివేయుచున్నారు. ఆ మాట పొసగదు. వాద్యము క్రొత్తది కాని, పద్ధతి మనకు పాతదే. త్యాగరాజస్వామి తన మనస్సునే సంబోధించి, దానిని మందలించుచు, బతిమాలుచు రచించిన కృతులు మనకు లేవా?

ఇందుకు మన ప్రాంతమునందే నిదర్శనము కలదు. తాడేపల్లిగూడెమునకు చేరువనున్న నిడదవోలులో 1920వ సంవత్సరమున జన్మించి, 2018లో గతించిన బాలాంత్రపు రజనీకాంతరావుగారు కవియు, స్వరకర్తయు, గాయకుడును తామే యైరి. ఆంధ్ర వాగ్గేయకారుల చరిత్రమును వ్రాసి 1961లో సాహిత్య అకాడమీ బహుమానమును పొందిరి. వారి కృషికి ఆకాశవాణి యాశ్రయమైనది. రేడియో గాయకుని మూసిన గదిలో పాడించి, ఆ పాటను ఇంటిలో కూర్చున్న శ్రోత చెవికి మెల్లగా చేర్చినది. లలితగేయమునకు అట్టి నిశ్శబ్దమే ప్రాణము.

ఆ నిశ్శబ్దమే నేడు మన పట్టణసభలలో కొఱవడినది. ఇటీవల ఏలూరులో మేము చూచిన యొక సభలో పెద్దల ప్రసంగములును, శాలువల సన్మానములును గంటసేపు సాగినవి. యువగాయకుడు రెండు స్వీయగేయములను ముగించెనో లేదో, వెనుక వరుసలనుండి సినిమాపాట పాడుమని కేకలు లేచినవి. పెండ్లిపందిటికి తగిన లౌడుస్పీకర్లలో అతని మాట యణగిపోయినది.

తప్పంతయు సభదే యనరాదు. అతడు పదములను నమలి పలికెను. పెక్కు పాటలలో తన గదిని, తనకు రాని నిద్రను దప్ప మఱియొకటి చూడలేదు. కాని యొక పాటలో మాత్రము, కొల్లేటి యొడ్డున చేపలచెఱువు కౌలులెక్కలు చూచుకొనుచు రాత్రియెల్ల మేలుకొనియుండు తండ్రిని, ఆ దీపపు వెలుగులో నిదుర నటించు కొడుకును చిత్రించెను. అప్పుడు కేకలు వాటంతటవే యాగినవి. తమ్మిలేరు, బుడమేరుల నీటిని గైకొని, ఉప్పుటేఱు మూలమున సముద్రమునకు విడుచు కొల్లేరు 1999లో అభయారణ్యమైనది. 2006లో అందలి చెఱువుల గట్లు త్రెంచబడినవి. అట్టిచోట బ్రతుకువాని యంతరంగములో ఊరి భయమును, అప్పును, ఆశయు నుండక తప్పదు. వానిని విడిచిన యాత్మావలోకనము అద్దము చూచుకొనుట మాత్రమే.

ఇంగ్లండులో నిక్ డ్రేక్ అను గాయకుడు 1969 మొదలు 1972 వఱకు మూడు సంపుటములు వెలువరించి, సందడి సభలలో పాడలేక ముడుచుకొని, 1974లో ఇరువదియాఱవ యేట గతించెను. లోకము అతనిని గుర్తించుట యటుపిమ్మటనే. మనము అంతవఱకు వేచియుండనేల?

గ్రంథాలయపు చదువుగది చాలును. ఏబదిమంది శ్రోతలు చాలుదురు. సన్మానములు మానుదము. పాటల మాటలను ముందుగా అచ్చొత్తి పంచుదము. స్వల్పమైనను రుసుము పెట్టి, దానిని గాయకునికే యిత్తము. సినిమాపాట కోరువారికి వేఱు సభలు కావలసినన్ని కలవు. ఇంతమాత్రము చేసినను, తన పాట వినువారికొఱకు హైదరాబాదునకు పోవలసిన యవసరము ఏలూరి యువకునికి కొంత తగ్గును.