ప్రథమ పురుష కథనంలో దృష్టికోణం: ‘తాను’ చేసే పని

కథనాన్ని ఉత్తమ పురుష, ప్రథమ పురుష అని విభజించడంతోనే దృష్టికోణ చర్చ ముగిసినట్లు భావించడం తెలుగు కథావిమర్శలో తరచుగా కనిపిస్తుంది. చెప్పేది ఎవరు, చూసేది ఎవరు అనేవి రెండు వేర్వేరు ప్రశ్నలని జెరార్ జెనెట్ 1972లో స్పష్టం చేశాడు. వల్లంపాటి వెంకటసుబ్బయ్య ‘కథాశిల్పం’ తెలుగు పాఠకుణ్ణి ఈ చర్చకు దగ్గర చేసింది. అయితే ప్రథమ పురుషలో చూపు ఎవరిదో తెలుగు వాక్యం ఎలా తెలియజేస్తుందన్నది ఇంకా పరిశీలించవలసిన విషయమే.

గురజాడ ‘దిద్దుబాటు’ (1910) ప్రథమ పురుషలో సాగుతుంది. కాని పాఠకుడు గోపాలరావును దాటి ఏమీ చూడడు. కమలిని ఆ గదిలోనే, మంచం కిందనే ఉంది. ఆ సంగతి తెలిసిన కథకుడు చెప్పడు. ఆమె మాట ఉత్తరం రూపంలో, ఆమె ఉనికి చివరి నవ్వు రూపంలో మాత్రమే అందుతాయి. కథకుడు ముందే గుట్టు విప్పి ఉంటే మిగిలేది ఒక నీతికథ. భర్త కంగారును అతనితోపాటు అనుభవించినందువల్లనే పాఠకుడికి కూడా ఆ దిద్దుబాటు తగులుతుంది.

చూపు ఎవరిదో తెలిపే చిన్న గుర్తు తెలుగులో ‘తాను’. ‘ఆమె తనను చూసిందని రాములు అనుకున్నాడు’ అన్న వాక్యంలో ‘తన’ రాములునే సూచిస్తుంది. ‘అతన్ని చూసిందని’ అంటే సాధారణంగా మరొకరిని తలుస్తాం. పాత్ర మనసులోకి పోవాలనుకొన్న రచయిత ‘అనుకున్నాడు’ను తొలగించినా ‘తను’ ఉన్నంతవరకు దారి తప్పదు. ఉస్మానియా విద్యార్థి రవి జీవితంలోని ఒక్కరోజును చిత్రించిన నవీన్ ‘అంపశయ్య’ (1969) వంటి చైతన్యస్రవంతి నవలలను ఈ కోణంలో చదవడం అవసరం.

గౌరవవాచకాలు మరొక చిక్కు. వాడు, అతను, ఆయన అన్నవాటిలో ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. ఎంచుకున్న క్షణంలోనే కథకుడికీ పాత్రకూ మధ్య దూరం నిర్ణయమవుతుంది. ఆ దూరాన్ని కొలిచే కొలబద్ద అన్నిచోట్లా ఒకటి కాదు. బాన్సువాడ ప్రాంతంలో ‘మా నాయిన వచ్చిండు’ అన్న మాటలో అగౌరవం లేదు. కోస్తా పాఠకుడి చెవికి అది చనువుగానో మొరటుగానో వినిపించవచ్చు. తెలంగాణ మాండలిక కథనంలో ఏకవచన క్రియను చూసి కథకుడికి పాత్రపై చిన్నచూపు ఉందనడం తొందరపాటు.

కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’లో పరిస్థితి వేరు. సుందరపాలెం పంచాయితీలో అప్పల్రాముడి అప్పు తీర్పుకు వస్తుంది. వాదప్రతివాదాలు సుదీర్ఘంగా సాగుతాయి. కథకుడు ఎవరి పక్షాన్నీ బాహాటంగా తీసుకోడు. సీతారాముడు కన్నకొడుకును చంపే ఘట్టానికి ముందు అతని మనసులో చాలాసేపు కూర్చునే వీలు పాఠకుడికి లేదు. ఆ ముగింపుపై చెలరేగిన వివాదంలో పాత్ర చర్య సమంజసమా కాదా అన్న చర్చే ఎక్కువ. పంచాయితీకి అంత చోటిచ్చిన కథనం సీతారాముడి ‘తాను’కు ఎంత చోటిచ్చిందన్న ప్రశ్న అక్కడ వెనుకబడింది.