చాకు చేయించుకునే ముందు

ఈ వారం చిరాకు తెప్పించినవి చాకు అలుగుల మీది నీటి అలల గీతలు. చేయించుకునే మడత చాకుల ప్రకటన ఏది చూసినా ముందు కనబడేవి అవే. పనిముట్టును దాని పనిని బట్టే ఎంచాలని ఈ కాలమ్‌లో ఎన్నోసార్లు రాశాను. మళ్లీ రాయక తప్పడం లేదు. ఇవాళ ఆ గీతలతో అమ్ముడుపోతున్న అలుగులు చాలావరకు రెండు రకాల ఉక్కు రేకులను పేర్చి, కొలిమిలో అతికించి, మడిచి సాగగొట్టి, ఆమ్లంలో ముంచి గీతలు తేల్చినవి. 1973లో అమెరికన్ కత్తుల తయారీదారు విలియం మొరాన్ ఈ పద్ధతికి మళ్లీ ప్రాణం పోశాడు. అందులో గొప్ప పనితనం ఉంది. కానీ కోసేది గీత కాదు, వాదర.

గీతల మీద మోజుపడేవారు మన చరిత్రనే సాక్ష్యం తెస్తారు. నిజమే, నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించి తీసిన ఉక్కు ముద్దలు పర్షియాకు వెళ్లి అలల కత్తులయ్యాయి. అయితే ఆ కథలో మనం నేర్చుకోవాల్సింది కొన్నవాడి పద్ధతి. 1820ల తొలినాళ్లలో కోనసముద్రం వెళ్లిన బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త హెన్రీ వాయిసీ వివరణ 1832లో ఆసియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఇస్ఫహాన్ నుంచి వచ్చిన వర్తకుడు కొలిమి దగ్గరే ఉండి పాళ్లు తూచేవాడనీ, ప్రతి ముద్దనూ పరీక్షించేవాడనీ అందులో ఉంది. చేయించుకోవడానికి ఆ తెలివిడి ఉండాలి. ఇప్పుడు బొమ్మ చూసి ఆర్డరిస్తున్నారు. అలాంటప్పుడు అంత డబ్బు పోయడం ఎందుకు, 1890లో పుట్టిన ఫ్రెంచి ఒపినెల్, 1897 నాటి స్విస్ ఆఫీసర్ చాకు చాలవా అనిపిస్తుంది.

హైదరాబాద్ బల్కంపేటలో రోజంతా చాకుతో పనిబడే వాళ్లను తలుచుకుంటే ఆ వాదన వీగిపోతుంది. ఎల్లమ్మ గుడి బయట పూలు, నిమ్మకాయలు అమ్మేవారి చెయ్యి ఎప్పుడూ తడే. నిమ్మరసం తగిలితే మామూలు కార్బన్ ఉక్కు నల్లబడుతుంది, తుడవకపోతే తుప్పు పడుతుంది; వాళ్లకు స్టెయిన్‌లెస్ కావాలి. 4 మిల్లీమీటర్ల మందపు అలుగు నిమ్మకాయను కోసేలోపే నలిపేస్తుంది. వాదర వైపు పల్చగా దిగిన 2 మిల్లీమీటర్ల అలుగు తేలిగ్గా దిగుతుంది. నున్నటి పిడి తడి చేతిలో జారుతుంది. రసం, పూల నలుసులు ఇరుసులో చేరతాయి కాబట్టి మర విప్పి కడిగే వీలుండాలి. అమీర్‌పేట మైత్రీవనం చుట్టూ కేబుళ్లు లాగే ఎలక్ట్రీషియన్‌కు ఇదే చాకు పనికిరాదు. తీగ తొడుగు గీయడానికి అతనికి పొట్టి అలుగు, చెయ్యి తిరగబడినా వేళ్ల మీద మూసుకోని లాక్ కావాలి. ఫ్యాక్టరీ సగటు చేతికి, సగటు పనికి చేస్తుంది. ఈ ఇద్దరికీ కొలతిచ్చి చేయించుకోవడం సోకు కాదు, అవసరం.

లాకుల్లో ఎక్కువగా కనబడేది 1980ల తొలినాళ్లలో మైకేల్ వాకర్ రూపం దిద్దిన లైనర్ లాక్. పిడి లోపలి పల్చటి రేకు స్ప్రింగులా పక్కకు వచ్చి అలుగు మొదలుకు అడ్డుపడుతుంది. చాకు తెరిచి, వేళ్లు దారిలో లేకుండా పట్టుకుని, అలుగు వీపు మీద గట్టిగా నొక్కి చూడాలి. రేకు జారితే ఆ చాకు ఎంత అందమైనదైనా వద్దు. ఉక్కు గట్టిదనం రాక్‌వెల్ 62 అని గొప్పగా చెబుతారు. అంత గట్టిదనంతో పాటు వెనేడియం కార్బైడ్లు దండిగా ఉన్న ఉక్కుకు వజ్రపు సాన కావాలి. రోడ్డు పక్క పొడి చక్రం మీద పెడితే వాదర వేడెక్కి పస పోతుంది. 58 దగ్గరుండే మామూలు స్టెయిన్‌లెస్‌ను ఇంట్లో సానరాయి మీదే నూరుకోవచ్చు. రోజూ వాడే చాకుకు అదే మేలు.

అట్టపెట్టెలకు విరుపు బ్లేడు కట్టర్ చాలదా అంటే, చాలు. 1956లో జపాన్‌లో యోషియో ఒకాడా కనిపెట్టిన ఆ బ్లేడును మించింది ఆ పనికి లేదు. అదే మీ పనైతే చాకు చేయించుకోవద్దు. జేబులో కత్తి తప్పు కాదా అనేది ఇంకా బరువైన ప్రశ్న. 2016 ఆయుధ నిబంధనలు 9 అంగుళాల పొడవు లేదా 2 అంగుళాల వెడల్పు మించిన కత్తులను ఆయుధాల్లో చేర్చి, ఇంటి, వ్యవసాయ, పరిశ్రమ పనుల కత్తులను మినహాయించాయి. పండుగలు, ఎన్నికల వేళ పోలీసు ఉత్తర్వులు వేరే ఉంటాయి. మెట్రో తనిఖీలో కత్తి ఆపేస్తారు. అందుకే 3 అంగుళాల లోపు అలుగు చాలు, బటన్ చాకు అసలే వద్దు, మెట్రో ఎక్కేవారు చాకును పనిచోటే ఉంచాలి.

తెలంగాణ పల్లెల్లో గీత కార్మికులు కమ్మరి చేత తమ చేతికి, తమ చెట్టుకు తగ్గ కత్తి చేయించుకుంటారు. పట్నంలో చాకు చేయించుకునేవారు పట్టాల్సిన దారి అదే. మీరు చేసే పని, మీ అరచేతి కొలత, మీ ఇంట్లో ఉన్న సానరాయి: ఆర్డరిచ్చే ముందు ఈ మూడూ రాసివ్వండి. వీటి గురించి ఒక్క ప్రశ్నా అడగకుండా గీతల నమూనాలు చూపించేవారికి బయానా ఇవ్వకండి.