లెక్కలోకి రాని వాళ్ల నియోజకవర్గం

వాడను వదిలేసి ఊరి చరిత్ర రాయడం మనకు కొత్త కాదు. పడమటి ఆస్ట్రేలియాలోని కల్గూర్లీ పార్లమెంటు నియోజకవర్గం చరిత్ర చదివితే మాకు అదే గుర్తొచ్చింది. 1901లో ఏర్పడి 2010 ఎన్నికలతో రద్దయిన స్థానం ఇది. దాని గురించి చెప్పేదల్లా గెలిచిన వాళ్ల జాబితా, 1893లో దొరికిన బంగారం, చివరి దశలో సుమారు 23 లక్షల చదరపు కిలోమీటర్ల వైశాల్యం. మన దేశంలో మూడింట రెండు వంతుల నేల! మరి ఆ నేల ఎవరిది?

ఆస్ట్రేలియా రాజ్యాంగంలోని 127వ సెక్షన్ జనాభా గణనలో మూలవాసులను లెక్కపెట్టకూడదంది. 1902 చట్టం వాళ్లలో దాదాపు అందరికీ ఓటు లేకుండా చేసింది. ఊరి పేరు కూడా వాళ్ల మాట నుంచి వచ్చిందే, లెక్కలోకి మాత్రం వాళ్లు రారు. ఇది మరిచిపోవడం కాదు, చట్టం చేసి మరీ తీసేయడం. కార్మికుల పార్టీగా పేరుపడ్డ లేబర్ పార్టీ కూడా శ్వేత ఆస్ట్రేలియా విధానాన్ని దశాబ్దాలు మోసింది. వర్గం పేరు చెప్పి కులాన్ని దాటేసే వాళ్లను చూసిన మనకు ఇందులో వింతేముంది?

1920లో ఇక్కడి సభ్యుడు హ్యూ మహాన్‌ను, ఐర్లండులో బ్రిటిష్ పాలనను తిట్టినందుకు, పార్లమెంటు నుంచి బహిష్కరించారు. అది చరిత్రకెక్కింది. అసలు గడప తొక్కనివ్వని వాళ్ల సంగతి ఎక్కలేదు.

అయినా వాళ్లు ఊరుకోలేదు. 1946 మే 1న ఇదే నియోజకవర్గంలోని పిల్బరాలో వందలాది మూలవాసులు పశువుల కంపెనీల పని మానేసి బయటికొచ్చారు. సమ్మె 1949 దాకా సాగింది. సొంతంగా ఖనిజాలు ఏరుకుని బతికారు. ఓటు లేనివాళ్లు చేసిన రాజకీయం ఇది. నియోజకవర్గం చరిత్ర ఇక్కడినుంచి మొదలుపెట్టాలంటాం మేము.

ఓటు 1962లో వచ్చింది. 127వ సెక్షన్ 1967లో పోయింది. నమోదు, ఓటింగు అందరితో సమానంగా తప్పనిసరి అయింది 1984లో. ఇన్నేళ్లలో కల్గూర్లీ నుంచి ఒక్క మూలవాసీ పార్లమెంటుకు వెళ్లలేదు. ప్రతినిధుల సభకు గెలిచిన మొదటి మూలవాసి కెన్ వయట్. అదీ 2010లో, పెర్త్ శివార్లలోని హాస్లక్ నుంచి. సరిగ్గా కల్గూర్లీ కనుమరుగైన ఎన్నికలోనే.

లెక్కలోకి రావడం ఒకటి, గద్దె దగ్గరికి రావడం ఇంకొకటి. రెంటి మధ్య దూరాన్ని కొలవని చరిత్ర గెలిచినవాడి చరిత్రే. రేపు సింగరేణి మీదో, కోలారు బంగారు గనుల మీదో రాయబోయే మన విద్యార్థులు ఎవరు గెలిచారని కాదు, ఎవర్ని లెక్కపెట్టలేదని ముందు అడగాలి.