ఏ దారిన పుట్టినా ఒకటే సర్వర్

సూరత్‌లోని లింబాయత్‌లో తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబాలు ఎన్నో. వాళ్లకు తెలిసిన మగ్గం, నమూనా చెప్పే చిల్లుల జకార్డ్ అట్టను చదివినట్టే, సర్వర్ పుట్టగానే తన మెటాడేటాను చదువుకుంటుంది: పేరేమిటి, మొదట ఏం నడపాలి. వెబ్ పేజీలో నింపినా, కమాండ్ లైన్‌లో కొట్టినా ఆ వివరాలు ఒకేలా చేరాలి. అమెజాన్ సర్వర్ల సేవ ఈసీ2లో, మొదట ఏం నడపాలో చెప్పే యూజర్ డేటాను (16 కేబీ మించకూడదు) వెబ్ పేజీ అయిన కన్సోలే బేస్64 అనే అక్షర రూపంలోకి మారుస్తుంది. నేరుగా ఏపీఐని పిలిస్తే మనమే మార్చాలి. తేడాలు ఇలాంటి చోటే పుడతాయి. అందుకే మంచి అడ్మిన్లు అన్నీ ఒకే ఫైల్‌లో రాసి, గిట్‌లో ఉంచి, రెండు దారులకూ అక్కడి నుంచే అందిస్తారు. ఎంత ఓపిక కావాలో! సర్వర్‌కు తగిలించే పేరు చీటీ, అంటే ట్యాగ్‌లో ఒక్క ఇంగ్లీషు అక్షరం పెద్దదైనా అమెజాన్‌కు అది వేరే పేరే. ఆ తేడాను ముందే పట్టుకునే కళ్లంటే నాకు ఎంతో గౌరవం.