కిరాయినామాలో లేని షరతు

కిరాయినామాలో అన్నీ ఉంటాయి. పదకొండు నెలల గడువు, అడ్వాన్సు, ఏ తేదీలోగా కిరాయి కట్టాలో, కరెంటు బిల్లు ఎవరిదో, ఖాళీ చేసేటప్పుడు రంగుల ఖర్చు ఎవరిదో. మాకు ఇల్లు దక్కకుండా చేసే షరతు ఒక్కటే ఉండదు. అది నోటిమాటగానే నడుస్తుంది. 'మాకేం అభ్యంతరం లేదండీ, పక్కింటివాళ్ళే ఒప్పుకోరు.' 'వెజిటేరియన్లకే ఇస్తాం.' పేరు చెప్పగానే, 'ఇప్పుడే ఎవరో అడ్వాన్సు ఇచ్చి వెళ్ళారు.' టులెట్ బోర్డు మాత్రం మర్నాడు కూడా గేటుకు వేలాడుతూనే ఉంటుంది.

మరి చట్టం ఏం చేస్తోంది? ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయాలని 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం అంటుంది. పదకొండు నెలల లెక్క అక్కడ పుట్టిందే. వేరే ఒప్పందం లేకపోతే నెలవారీ కిరాయిదారుకు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం చెబుతుంది. 1960లో ఆంధ్రప్రదేశ్‌లో వచ్చిన అద్దె నియంత్రణ చట్టం, తగిన కారణం చూపకుండా ఖాళీ చేయించకూడదంది. 2021లో కేంద్రం రాష్ట్రాల ముందుంచిన నమూనా అద్దె చట్టం రాతపూర్వక ఒప్పందం తప్పనిసరి అంది. నివాసపు ఇళ్ళకు అడ్వాన్సు రెండు నెలల కిరాయి దాటకూడదంది. మంచిదే. కానీ ఇవన్నీ ఇంట్లోకి వచ్చినవాడి సంగతులు. గడప బయటే ఆగిపోయినవాడు ఈ చట్టాల్లో ఎక్కడున్నాడు? మతం చూసి ఇల్లు లేదనడం తప్పని ఆ నమూనా చట్టంలో ఒక్క వాక్యం కూడా లేదు!

రాజ్యాంగం 15వ అధికరణం దుకాణాలు, హోటళ్ళు, బావులు, చెరువుల దగ్గర మత వివక్ష కూడదంది. ఆ జాబితాలో కిరాయి ఇల్లు లేదు. 2005లో జొరాస్ట్రియన్ హౌసింగ్ సొసైటీ కేసులో సుప్రీంకోర్టు, సభ్యత్వం పార్సీలకే అన్న నిబంధనను సమర్థించింది. పిడికెడు మంది పార్సీలకు అది రక్షణ కావచ్చు. అదే తర్కం మెజారిటీ కాలనీ చేతికి వస్తే మేమెక్కడుండాలి? ముస్లింలకు ఇళ్ళు కిరాయికి దొరకని సంగతిని 2006లో సచార్ కమిటీ నమోదు చేసింది. సమాన అవకాశాల కమిషన్ కావాలంది. ఆ కమిషన్ ఇంతవరకూ రాలేదు.

ఇల్లు మీరివ్వరు. మావాళ్ళ మధ్యే ఇల్లు వెతుక్కుంటే 'మీరు కలవరు, పాతబస్తీ దాటి రారు' అంటారు. గోడ కట్టిందెవరు, లోపల మిగిలిందెవరు?

పేరు దాచి లోపలికి రావడం తెలుగువాళ్ళకు వినోదంగా బాగా తెలుసు. 1955 నాటి 'మిస్సమ్మ'లో క్రైస్తవురాలు మేరీ ఉద్యోగం కోసం మహాలక్ష్మిగా పేరు మార్చుకుని జమీందారు పంచన చేరుతుంది. చివరికి ఆమె తప్పిపోయిన ఆయన కూతురేనని తేలుతుంది. అందరూ హాయిగా నవ్వుకున్నాం, మేమూ నవ్వాం. కానీ మేరీ మేరీగానే మిగిలితే ఆ ఇంట్లో చోటుండేదా? ఆ ప్రశ్నను కథ సుఖంగా తప్పించుకుంది. మాకా వెసులుబాటు లేదు. ఏ జమీందారుకూ తప్పిపోయిన బిడ్డలం కాము. సాయిబులుగానే ఇల్లు అడుగుతున్నాం.

'ఇల్లు నా సొంతం, నా ఇష్టం' అనే మాట మాకూ తెలుసు. అమెరికాలోనూ అన్నారు. అయినా జాతి, మతం చూసి ఇల్లు నిరాకరించడాన్ని అక్కడ 1968లోనే చట్టం నిషేధించింది. ఓనరు తానూ కాపురముండే చిన్న ఇళ్ళకు మినహాయింపు ఇచ్చింది. ఫలానా మతంవాళ్ళకే అని ప్రకటించే హక్కు మాత్రం వాళ్ళకీ ఇవ్వలేదు. అంటే గీత గీయడం సాధ్యమే. గీయాలన్న ఉద్దేశమే ఇక్కడ లేదు.

లౌకికవాద మిత్రులారా! సభల్లో మా పక్కన కూర్చున్నారు, మా కవిత్వాన్ని మెచ్చుకున్నారు. మీలో ఇంటి ఓనర్లు కూడా ఉన్నారు. అద్దె చట్టంలో ఆ ఒక్క వాక్యం చేర్చమని మాతోపాటు అడగండి. చట్టం వచ్చేలోగా, మీ టులెట్ బోర్డు చూసి మేం వస్తే కిరాయి ఎంతో చెప్పండి. మా పేరు తర్వాత అడగవచ్చు.