గొంతుతో అడగనివ్వండి

గల్ఫ్‌కు మనుషులను పంపిన జగిత్యాల, కోరుట్ల పల్లెల్లో వాట్సాప్ వాయిస్ మెసేజ్ ఇంటింటి అలవాటు. బీడీలు చుట్టే తల్లికి అక్షరాలు రాకపోయినా, దుబాయ్‌లో ఉన్న కొడుకుతో మాట ఆగదు. ఆరోగ్యం దగ్గరికి వచ్చేసరికి ఆమెకు అందేది చదువుకోవాల్సిన మెసేజ్. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణ మహిళల అక్షరాస్యత 58 శాతమే. 2021లో కోవిన్ పోర్టల్‌లో కోవిడ్ టీకా నమోదు ఇంగ్లిషులోనే మొదలైంది. తెలుగు తర్వాత చేరింది. రాత బదులు గొంతు వినిపిస్తే చాలా? 2016లో కేంద్రం తెచ్చిన కిల్కారి సేవ గర్భం నాలుగో నెల నుంచి బిడ్డకు ఏడాది నిండేదాకా వారం వారం ఫోన్‌లో జాగ్రత్తలు చెబుతుంది. మంచి పనే. అయితే మధ్యప్రదేశ్‌లో జరిపిన అధ్యయనంలో గర్భనిరోధక పద్ధతుల వాడకం కొద్దిగా పెరిగింది గానీ, తల్లిపాల విషయంలో చెప్పుకోదగ్గ మార్పు కనిపించలేదు. వినిపించడమే తప్ప, ఆమె సందేహం వినే ఏర్పాటు అందులో లేదు. లోపం అక్కడే ఉందని నా నమ్మకం.

వినే మనుషులుంటే ఏం జరుగుతుందో హైతీ చూపింది. 2010 జనవరి భూకంపం తర్వాత అక్కడి ప్రజలు 4636 నంబరుకు తమ క్రియోల్ భాషలోనే మెసేజ్‌లు పంపారు. విదేశాల్లోని హైతీయన్లు వాటిని ఇంగ్లిషులోకి మార్చడమే కాదు, చెప్పిన చోటు ఎక్కడో మ్యాపులో గుర్తించి సహాయక బృందాలకు అందించారు. ఊరు ఎరిగినవాళ్లు కాబట్టే అది సాధ్యమైంది. ఇప్పుడు భాషిణి వంటి యంత్రానువాదం ఉంది కదా, మనిషెందుకు అనవచ్చు. టీకా తేదీ చెప్పడానికి యంత్రం చాలు. సిరిసిల్ల మరమగ్గాల మీద పనిచేసే బయటి రాష్ట్రాల కార్మికుడికి క్షయ మందుల వివరం అతని భాషలో వినిపించడానికీ అది పనికొస్తుంది. కానీ ఓ గర్భిణి ‘కాళ్లు వాచినయ్, కండ్లు మసకబడుతున్నయ్’ అని పంపితే, అది బీపీ పెరిగిన ప్రమాద సూచన కావచ్చు. అనువాదం తప్పులేకుండా వచ్చినా, ఆ మాట తెల్లారేదాకా ఎవరూ వినకపోతే ఆమెకు ఒరిగేదేముంది?

ఈ మెసేజ్‌లు వినే భారం కూడా ఆశా కార్యకర్తల నెత్తినే పెడతారా అన్న అభ్యంతరం న్యాయమైనది. పెట్టకూడదు. స్థానిక తెలుగు, ఉర్దూ తెలిసిన నర్సులను జీతమిచ్చి జిల్లా ఆసుపత్రిలో రాత్రింబవళ్లు కూర్చోబెట్టాలి. ప్రమాద సూచన వినగానే వాళ్లే 108ను పిలవాలి. ఇంట్లో ఒకే ఫోన్ ఉన్నచోట గుట్టు నిలవదన్నదీ నిజమే. అందుకని జవాబును రికార్డు చేసి పంపకూడదు. ఆమెకు వీలైన వేళ కనుక్కుని ఫోన్ చేయాలి. మరొకరు ఎత్తితే విషయం చెప్పకుండా పెట్టేయాలి.